కోడళ్ళ రిజిస్టరు, కూతుళ్ళ నోటుబుక్కు

నా జీవితంలో ఒక్కసారే ఒక ఊరి మొత్తాన్ని అవమానించాను. అదీ అచ్చులో. ఆ ఊరివాళ్ళు నన్ను క్షమించి, ఒక అరటిపళ్ళ అత్తం చేతిలో పెట్టి బస్సెక్కించారు గనుక ఇప్పుడు నవ్వుకుంటూ రాయగలుగుతున్నాను.

తెనాలిలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న మమ్మల్ని పెంచింది వాదోపవాదాల్లో. అన్నం ముందు కూర్చుని కూర బాగుందంటే, దేనితో పోల్చి బాగుందో చెప్పమనేవారు. ఊళ్ళో ఎక్కడ చర్చ జరిగినా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. వేదిక మీద ఎవరు ఎంత గొంతు చించుకున్నా, చివర్న లేచి ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంతమందిని అడిగి చెబుతున్నారు?" సగం ఉపన్యాసాలు అక్కడే కూలిపోయేవి. ఆ ప్రశ్న నాకు ఆస్తిగా వచ్చింది. జాతకాలు చెప్పేవాళ్ళ మీద, తాయెత్తులు కట్టేవాళ్ళ మీద, స్టాఫ్‌రూములో తోటి పంతుళ్ళ మీద నలభై ఏళ్ళు ప్రయోగించాను. నా మీద నేనే ప్రయోగించుకోవాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

రిటైరైన రెండో ఏడు, ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్న అమ్మాయి ఇంటికొచ్చింది. ఇప్పుడు పిల్లల డాక్టరు. ఒక పరిశోధన మొదలుపెట్టిందట. ఏడాదిలోపు పసివాళ్ళకు వేయాల్సిన టీకాలు కొన్ని ఊళ్ళలో ఎందుకు తప్పిపోతున్నాయో కనుక్కోవాలి. ఆ తేలినదాన్ని బట్టి ఏ ఊళ్ళో టీకాల రోజు ఉంచాలో, ఏ ఊళ్ళో ఎత్తేసి పక్క ఊరితో కలపాలో జిల్లా అధికారులు నిర్ణయిస్తారు. ఇల్లిల్లూ తిరిగి అడిగే మనుషులు కావాలి. వస్తారా టీచర్ అని ఆమె అడిగేలోపే నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

గుమ్మం దగ్గర ఆగి ఒక మాట చెప్పింది. "మనం కారణం వెతకడానికి వెళ్తున్నాం టీచర్. మనకు ముందే తెలిసిన కారణాన్ని రుజువు చేయడానికి కాదు."

తాతకు దగ్గులు నేర్పుతోందని నవ్వుకున్నాను.

నా వంతుకు వచ్చిన ఊరు కొల్లూరు దాటాక కరకట్ట పక్కన ఉంటుంది. కట్టకు ఇవతల ఊరు, అవతల లంక పొలాలు, అరటి తోటలు, దొండ పందిళ్ళు. ఆరోగ్య కేంద్రమంటే ఒక గదీ ఒక వరండా. నేను వెళ్ళిన రోజు అక్కడి నర్సు ఏదో శిక్షణకని బాపట్ల వెళ్ళింది. ఆశా కార్యకర్త తాళం తీసి, రిజిస్టరు నా ముందు పెట్టి, పొయ్యి మీద పప్పు దింపి వస్తానని ఇంటికి పరిగెత్తింది. ఆ పప్పు దిగేలోపు నేను కేసు తేల్చేశాను.

రిజిస్టరులో ఏడాదిలోపు పిల్లలు పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో పదకొండు మందికి నెలన్నరకు వేయాల్సిన టీకా గడి ఖాళీగా ఉంది. రెండున్నర నెలల గడి ఖాళీ. మూడున్నర నెలల గడీ ఖాళీయే. తలెత్తి కిటికీలోంచి చూస్తే ఒక ముసలమ్మ పసిబిడ్డను చంకనేసుకుని పోతోంది. బిడ్డ బుగ్గన కాటుక చుక్క, అరికాలికి చుక్క, మొలకు నల్లతాడు, చేతికి వసపూసలు. ఖాళీ గడికీ నల్ల చుక్కకూ మధ్య ఒక గీత గీశాను. ఇంకేముంది, కారణం దొరికింది.

మా హేతువాద మిత్రులు నడిపే చిన్న మాసపత్రిక ఒకటుంది. ఆ రాత్రికి రాత్రే దానికి వ్యాసం రాసి పంపాను. పేరు "చుక్కను నమ్మి సూదిని నమ్మని ఊరు". ఊరి పేరు రాయలేదు గాని, కరకట్ట పక్కన ఒంటిగది ఆరోగ్య కేంద్రమని రాశాను. అది చాలు కదా. మిత్రులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. వ్యాసంలో నిప్పులు కురిశాయన్నారు. నిజమే, కురిశాయి. ఎక్కడ పడుతున్నాయో మాత్రం నేను చూసుకోలేదు.

వ్యాసం అచ్చయి వచ్చాక రెండోసారి వెళ్ళింది బుధవారం, అంటే టీకాల రోజు. వరండా నిండా తల్లులు, అమ్మమ్మలు, ఏడుపులు, ఉయ్యాల పాటలు. మధ్యలో నర్సమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు పాడే గొంతు; బుధవారం అదే గొంతుతో వీధి చివర ఉన్న తల్లిని కూడా కదలకుండా పిలుస్తుంది. టీకా మందుల ఐస్ పెట్టె కింద ఏదో పుస్తకం పెట్టుకుంది. చివరి బిడ్డ వెళ్ళిపోయాక, పెట్టె పక్కకు జరిపి ఆ పుస్తకం తీసింది. మా మాసపత్రిక.

"ఇది మీరే రాశారా టీచర్ గారూ?"

"నేనే."

"ఎంతమందిని అడిగి రాశారండి?"

మా నాన్న పోయి పదేళ్ళయింది. ఆ క్షణాన మాత్రం ఆయన వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి నావైపు చూస్తున్నట్టే అనిపించింది. ఎవర్నీ అడగలేదని ఒప్పుకున్నాను.

ఆమె కోప్పడలేదు. రిజిస్టరు తెరిచి నావైపు తిప్పింది. ఆ పదకొండు మందిలో తొమ్మిది నెలలు నిండినవాళ్ళు నలుగురున్నారు. ఆ నలుగురి తొమ్మిదో నెల గడి చూడమంది. నాలుగూ నిండి ఉన్నాయి.

"మూడు సూదులప్పుడు లేని నమ్మకం తొమ్మిదో నెలకి ఎక్కడి నుంచి ఊడిపడిందండీ వీళ్ళకి?"

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పరిశీలన, పోలిక, నిర్ధారణ అని బోర్డు మీద రాసినదాన్ని. ఆ నాలుగు గళ్ళూ మొదటిరోజే నా కళ్ళ ముందు ఉన్నాయి. మా హేతువాదులకు ఒక జబ్బుంది, దాని గురించి ఎవరూ రాయరు. ఖాళీ గడి కనబడితే చాలు, దాంట్లో మూఢనమ్మకం అని రాసేసి చేతులు దులుపుకుంటాం. అన్నీ దేవుడి లీల అనేవాడికీ, అన్నీ జనం అజ్ఞానం అనేవాడికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ లేచి వెళ్ళి చూడరు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నా వ్యాసం ఎవరో జిల్లా ఆఫీసులో కూడా చూపించారట. ఈ ఊళ్ళో టీకాల రోజు ఎత్తేసి, కట్ట వెంబడి నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న ఊరితో కలిపేస్తామని కాగితం వచ్చింది. ఖాళీ గళ్ళ ఊరికి పెట్టె మోసుకురావడం దండగని అందులోని భావం. వచ్చే నెల బాపట్లలో మీటింగు. అక్కడ ఖాయం చేస్తారు.

"లంకల్లోకి కూలికెళ్ళే ఆడపిల్లలండి వీళ్ళు. పసిదాన్నేసుకుని కట్ట మీద నాలుగు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? మానేస్తారు. అప్పుడు మీరు రాసిందే నిజమవుద్ది" అంది.

తప్పు రాయడం ఒక ఎత్తు. రాసిన తప్పు నిజమైపోవడం మరో ఎత్తు.

మరి ఆ గళ్ళు ఎందుకు ఖాళీ అని అడిగితే ఆమె నన్ను జాలిగా చూసింది. మొదటి పురుడు పుట్టింట్లో కదా. ఏడో నెలలో పిల్లను తీసుకెళ్తారు. పురుడయ్యాక మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి పంపుతారు. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు సరిగ్గా ఆ పుట్టింటి రోజుల్లోనే పడతాయి. అక్కడ వేయించుకుంటారు. కానీ పేరు మాత్రం ఆధార్ ప్రకారం అత్తగారి ఊరి రిజిస్టరులో ఉంటుంది. తిరిగొచ్చాక కార్డు చూసి నింపుదామంటే, తను వేసినవే తను రాయాలన్నది నియమం.

సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. నా కూతురు పుట్టినప్పుడు నేనూ ఐదో నెల దాకా మా అమ్మ దగ్గరే ఉన్నాను. నాలుగో నెలలో బయల్దేరతానంటే, హేతువాది అయిన మా నాన్న, వచ్చే నెల వెళ్ళమ్మా అన్నారు. సరి నెలతో మీకేం తగాదా అని నిలదీశాను. "నెలతో లేదు. మీ అమ్మతో తగాదా నాకెందుకు" అన్నారు. అది మర్చిపోయి నేను ఊళ్ళ మీద పడ్డాను.

అయినా ఆమె మాట వెంటనే ఒప్పుకోలేదు. ఆ పదకొండు మంది పిల్లల కార్డులూ నా కళ్ళతో చూస్తానన్నాను. నర్సమ్మ సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. తను చెప్పిందే నిజమైతే నేను మళ్ళీ రాయాలి. "అదే పేజీ, అదే సైజు అక్షరాలు" అంది. పందెం కుదిరింది.

మొదట ఆ ఊళ్ళో అత్తగారిళ్ళన్నీ తిరిగి, పుట్టింటి నుంచి వచ్చేసినవాళ్ళ కార్డులు అక్కడే చూసి, మిగతా కోడళ్ళ పుట్టిళ్ళ చిరునామాలు రాసుకున్నాం. తర్వాత మూడు వారాలు రేపల్లె ప్యాసింజరు, పొన్నూరు బస్సులు, షేర్ ఆటోలు. సెలవు దొరికిన రోజు నర్సమ్మ వచ్చేది, లేని రోజు నేనొక్కదాన్నే.

మొదటి ఇల్లు రేపల్లెలో. వరండాలో అమ్మమ్మ బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెడుతోంది. స్నానం, సాంబ్రాణి పొగ, చుక్క, అన్నీ అయ్యేదాకా నన్ను కూర్చోబెట్టింది. చుక్క పెట్టేటప్పుడు నా నోరు ఊరుకోలేదు. దిష్టి అనేది లేదని, కాటుక కంటికి కూడా మంచిది కాదని మొదలుపెట్టాను. ఆవిడ అంతా విని, లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా మీద నుంచి పాలిథిన్ కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో టీకాల కార్డు. మూడు తేదీలూ ఉన్నాయి, ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు.

"చుక్కా పెట్టా, సూదీ వేయించా. మీకేది కావాలో అది రాసుకోండి వదినగారూ" అంది.

నా వ్యాసం మొత్తం ఆ ఒక్క వాక్యానికి పడిపోయింది. కాటుక కంట్లో పెట్టొద్దన్న మాట మాత్రం వదులుకోలేదు. ఆవిడ, కంట్లో పెట్టలేదు బుగ్గన పెట్టానంది. అక్కడా ఆవిడే గెలిచింది.

నాలుగో ఇల్లు తెనాలిలో, మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒక ముస్లిం కుటుంబం. తండ్రి కుట్టుమిషను పెట్టుకున్నాడు, కూతుర్ని కరకట్ట ఊరికి ఇచ్చారు. నేను ఏ బిడ్డ గురించి నిప్పులు కురిపిస్తూ రాశానో, ఆ బిడ్డ అదే సమయానికి నా కేకకు అందేంత దూరంలో ఉయ్యాల్లో నిద్రపోతోందన్నమాట. కార్డు గోడ క్యాలెండరుకు పిన్ను పెట్టి ఉంది. బిడ్డ నానమ్మ ఊళ్ళోనైనా, అమ్మమ్మ ఊళ్ళోనైనా, మొదటి పురుడు పుట్టింట్లోనే అనే ఈ ఆచారానికి మతం లేదు. హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు ముగ్గురూ వాదం లేకుండా ఒప్పుకున్న సంగతి మా ప్రాంతంలో ఇదొక్కటే అనుకుంటాను. ఆ అమ్మమ్మ నాకు సేమ్యా పెట్టి, పక్కన కూర్చుని చెప్పింది.

"మా అల్లుడి ఊరోళ్ళు సూదులు వేయించరని ఎవరో పత్రికలో రాశారంట అక్కా. ఎవరో కనిపిస్తే ఒకసారి ఇటు పంపండి, మాట్లాడతా."

పక్కనున్న నర్సమ్మ నావైపు చూడకుండా సేమ్యా గిన్నెలోకి చూస్తూ, "తప్పకుండా పంపుతామండి" అంది. నేను రెండోసారి వడ్డించుకున్నాను. నోరు నిండుగా ఉంటే మాట్లాడక్కర్లేదు.

పది కార్డులు చూశాను. పదీ నిండే ఉన్నాయి. పదకొండోది సంగం జాగర్లమూడిలో. కాలవ పక్క వీధి. ఆ బిడ్డకు మూడు నెలలు నిండాయి. కార్డులో పుట్టినప్పుడు వేసినవి తప్ప ఒక్క తేదీ కూడా లేదు. చూడగానే నాలో పాత పులి లేచిందని ఒప్పుకోవాలి. ఇదిగో, ఒక్కరైనా దొరికారని. ఈసారి మాత్రం ముందు అడిగాను.

తల్లి చెప్పింది. నెలన్నరకు తీసుకెళ్ళింది. బిడ్డ పేరు మా లిస్టులో లేదు, మీ అత్తగారి ఊళ్ళో వేయించుకోమన్నారట. ఆపరేషన్ అయిన ఒళ్ళు, కరకట్ట దాకా ఎలా వెళ్తుంది? మళ్ళీ అడగడానికి మొహం చెల్లక ఊరుకుంది. తాయెత్తుల మాట లేదు, సూదంటే భయం లేదు. రెండు ఊళ్ళ రిజిస్టర్ల సందులో బిడ్డ జారిపోయింది, అంతే. పైగా ఇప్పుడు జిల్లాలు కూడా వేరు. పుట్టిల్లు గుంటూరు జిల్లా, అత్తిల్లు బాపట్ల జిల్లా. అధికారులు గీసిన గీతకు ఇటు తల్లి, అటు అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం మీద గడి ఒక్కటే కాబట్టి బిడ్డ కూడా ఒక్క ఊళ్ళోనే ఉండాలనడం, కొలతకు సరిపోలేదని కాలు నరుక్కోమనడం లాంటిది. తరతరాలుగా ఆడపిల్ల రెండు ఊళ్ళ మనిషి. ఆ సంగతి ప్రతి ఇంటికీ తెలుసు, ప్రతి అధికారి ఇంటికీ తెలుసు. అధికారి బల్లకు మాత్రం తెలియదు. మూఢనమ్మకం అంటే చూసినదాన్ని కాదని రాసినదాన్ని నమ్మడమే అయితే, ఆ రిజిస్టరును మించిన మూఢనమ్మకం నేను చూడలేదు.

నేను ఇదంతా వీధిలో నిలబడి ఉపన్యసిస్తుండగా, నర్సమ్మ ఆ ఊరి నర్సుకు ఫోను చేసి, అక్కా బాగున్నావా అని మొదలుపెట్టి, పిల్లల చదువులు మాట్లాడి, చివర్న ఈ బిడ్డ సంగతి చెప్పింది. వచ్చే బుధవారం తీసుకురమ్మన్నారు. నా ఉపన్యాసం అప్పటికి సగంలో ఉంది. బుధవారం నేనూ వెళ్ళాను. బిడ్డ గట్టిగా ఏడ్చింది. అంత హాయైన ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

తిరుగు బస్సులో నాకు ఒక సంగతి తట్టింది. ఆ ఊరి పసివాళ్ళు ఇంతమంది అమ్మమ్మల ఇళ్ళలో ఉంటే, మొన్న వరండా నిండా ఉన్న పిల్లలు ఎవరు?

"మా ఊరి కూతుళ్ళ పిల్లలండి" అంది నర్సమ్మ, ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళు పట్టిందా అన్నట్టు. "వాళ్ళకి ఇది పుట్టిల్లేగా."

సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసింది. పురిటికి వచ్చిన ప్రతి కూతురి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, అత్తగారి ఊరు, వేసిన టీకా. ఇలాంటివి ఇంట్లో ఇంకో నాలుగున్నాయట. మందు సీసాల లెక్క తేడా రాకుండా తన కోసం రాసుకుంది. వచ్చినవాళ్ళను ఒక్కర్ని కూడా తిప్పి పంపలేదు. ఇది ఎవరికీ ఎందుకు చూపించలేదంటే, ఎవరూ అడగలేదండి అంది.

అంటే ఆఫీసు చూస్తున్నది కోడళ్ళ రిజిస్టరు. నర్సమ్మ సంచిలో ఉన్నది కూతుళ్ళ నోటుబుక్కు. ఖాళీ ఊరని ఎత్తేయబోతున్న చోట, నెల నెలా ఐస్ పెట్టె అడుగంటేదాకా పని జరుగుతోంది. మా డాక్టరమ్మాయికి ఆ బస్సులోంచే ఫోను చేశాను. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "టీచర్, మన ప్రశ్నావళిలో కూడా ఊరికి గడి ఒక్కటే ఉంది" అంది.

బాపట్ల మీటింగుకు నేను ఎనిమిది పేజీల ఉపన్యాసం రాసుకుని వెళ్ళాను. డాక్టరమ్మాయి పదకొండు కార్డుల నకళ్ళు, నోటుబుక్కులు బల్ల మీద పెట్టి పద్ధతిగా చెప్పింది. అధికారి మర్యాదస్తుడే. అంతా విని, నోటుబుక్కు అధికారిక రికార్డు కాదు కదమ్మా అన్నాడు. ఒక ఊరి మాట పట్టుకుని ఎలా అన్నాడు. నేను కాగితాలు సర్దుకుని లేవబోతుంటే నర్సమ్మ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"సార్, తప్పుగా అనుకోకండి. మీ మొదటి బిడ్డ ఎక్కడ పుట్టిందండి?"

"పొన్నూరులో. మా ఆవిడది ఆ ఊరే."

"మొదటి మూడు సూదులు ఎక్కడ వేయించారండి?"

"అక్కడే, మా అత్తగారు..." అని ఆగిపోయాడు.

"అయితే మీ ఊరి రిజిస్టరులో మీ పాప గళ్ళు కూడా ఖాళీయేనండి" అంది ఆమె.

ముందు ఎవరో వెనక వరసలో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది, చివరికి ఆయన కూడా. టీ వచ్చేసరికి, మీటింగుకు వచ్చిన మిగతా ఊళ్ళ నర్సులు ఒక్కొక్కరే తమ సంచులు తెరవడం మొదలుపెట్టారు. ప్రతి సంచిలో ఒక నోటుబుక్కు ఉంది. సైజులు వేరు, అట్టలు వేరు. లోపల రాసింది ఒకటే. అధికారి ఒక ఊరి మాట అన్నది మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఊళ్ళో టీకాల రోజు ఉండిపోయింది. కలిపేస్తామన్న కాగితం వెనక్కు తీసుకున్నారు. మా పరిశోధన ఫారంలో రెండు కొత్త గళ్ళు వచ్చాయి: బిడ్డ ఇప్పుడు ఉన్న ఊరు, టీకా వేయించిన ఊరు. జిల్లా రిజిస్టరులోకి అవి ఇంకా రాలేదు, పరిశీలనలో ఉన్నాయంటున్నారు. పరిశీలన అనే మాట విన్నప్పుడల్లా నేను ఒక ఉత్తరం రాస్తాను. ఇప్పటికి చాలా రాశాను. వచ్చేదాకా రాస్తాను. నా ఎనిమిది పేజీలూ అలా పనికొస్తున్నాయి.

పందెం ప్రకారం మాసపత్రికలో మళ్ళీ రాశాను. పేరు "నేను అడగకుండా రాసిన వ్యాసం". సంపాదకుడు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేద్దామన్నాడు. కుదరదన్నాను. అదే పేజీ, అదే సైజు. ఒక మిత్రుడు ఫోను చేసి, మన వాదానికి దెబ్బ కదా అన్నాడు. మన వాదం ఏంటో గుర్తు చేయమన్నాను. ఫోను పెట్టేశాడు. మొదట్లో చెప్పిన అరటి అత్తం ఆ సంచిక వచ్చిన వారానిది.

ఇప్పుడు నెలకొకసారి బుధవారం ఆ వరండాలో ఒక కుర్చీ నాది. నర్సమ్మ సూది వేస్తుంది, నేను కొత్త ఫారాలు నింపుతాను. మొన్న ఒక అమ్మాయి రెండు నెలల బిడ్డతో వచ్చింది. అలవాటు కొద్దీ, తల వంచుకునే, ఏ ఊరి కోడలివమ్మా అని అడిగాను.

"అది తర్వాత రాసుకుందురు గాని, ముందు ఈ ఊరి కూతుర్నని రాయండి మామ్మగారూ" అంది.

రాశాను. బిడ్డ ఇప్పుడున్న ఊరి గడి ఫారంలో ముందే ఉంది.